ఉప్పునీళ్ల టమాటాలను సిపాయిలు తినేసిన సంగతి

కబ్ద్, కువైట్ దేశం.
(ఇది ఇప్పుడు ఇరాక్‌లో ఒక జిల్లా అని సిపాయిలు అంటాండారు. తమ రికార్డులో ఏది రాసుకోవాల్నో తమరే తేల్చుకోండి.)
సెప్టెంబరు నెల, 1990.

మహారాజశ్రీ కార్యదర్శి గారి సముఖమునకు,
యువ సైన్సు అధ్యాపకుల పరిశోధన ఫెలోషిప్ మండలి,
హైదరాబాదు.

అయ్యా,

విషయం: తమ ఫెలోషిప్ మీద ఈడికి వచ్చిన మునాఫ్ సార్‌కు ఈడినుంచి పోయేదానికి పర్మిషన్ ఇప్పించుట గురించి, ఆయన పరిశోధనను సిపాయిలు తినేసిన సంగతి గురించి, సదరు పరిశోధన మళ్లా మొలిచిన చోటు గురించి.

రాయచోటి దగ్గర గుండ్లపల్లె కాపురస్తుడు వెంకటరాముడు తమకు విన్నవించుకొనేది ఏమనగా. నా వయసు పాస్‌పోర్టులో ఇరవైరెండు. నిజానికి పదహారు. తమరు ఆఫీసరు కాబట్టి రెండూ చెప్తాండా. నాలుగో తరగతి దాకా చదివినా. ఆ తర్వాత తాలూకాఫీసు ముందర అర్జీలు రాసే తాతకు టీ గ్లాసులు అందిస్తాంటి. ఆయన గట్టిగా చదువుకుంటా రాసేవాడు. అట్ల నాకు ఈ "సదరు", "కావున", "విన్నవించుట" అన్నీ వచ్చేసినాయి. మిగిలిన తెలుగు మా అమ్మ నేర్పించింది.

ఈ అర్జీ సార్‌కు తెలీకుండా రాస్తాండా. తెలిస్తే తప్పులు దిద్ది, మార్జిన్ గీయించి, మళ్లా రాయమంటాడు. అంతలోకి బస్సు పోతాది.

1. మునాఫ్ సార్ తమకు ఫైలు నంబరుగా తెలుసు, మనిషిగా తెలీదు. కాబట్టి ముందు అది. పూర్తి పేరు అబ్దుల్ మునాఫ్. మా రాయచోటి కాలేజీలో చెట్ల సైన్సు చెప్పే కుర్ర లెక్చరరు. కొత్తగా ఉద్యోగంలో చేరిన సైన్సు అయ్యవార్లు పరిశోధన చేసుకోవాలని తమరు ఫెలోషిప్ ఇస్తారు కదా, అది తెచ్చుకొని ఈ ఎడారి తోటకు వచ్చినాడు. తోట ఒక కువైటీ ఆసామిది. ఆయనే నా కఫీల్, నా వీసా ఆయన పేరు మీదనే ఉండాది. తోటలో ఒక గ్రీన్‌హౌస్ సార్‌కు ఇచ్చి, దాంతోపాటు నన్ను కూడా ఇచ్చినాడు.

నాకు నోటితో మాట్లాడేది రాదు. ఎవరన్నా నా మొగం చూస్తే మాట గొంతులోనే కూచుంటాది. మొదట్లో సార్ "ఏమిరా, మూగోనివా?" అనె. తర్వాత ఆయనే ఒక దారి పెట్టినాడు. గ్రీన్‌హౌస్ తలుపుకు బట్టల క్లిప్పు ఒకటి కట్టి, "నోటితో రాకపోతే చీటీ పెట్టురా" అనె. అప్పట్నుంచి మా మాటలన్నీ దానికే.

నేను పెట్టేవి: "మోటరు ఆగింది." "మూడో వరసలో పురుగు." "బువ్వ అయింది రా సార్."

ఆయన పెట్టేవి: "ఏ పురుగు?" "చంపావా, పేరు అడిగావా?" "వస్తున్నాను. రా సార్ కాదు, రండి సార్."

2. సార్ పరిశోధన ఏమనగా, ఉప్పునీళ్లు తాగి బతికే టమాటా. ఈ తోట బావిలో నీళ్లు నోట్లో పోసుకుంటే ఉమ్మేయాల్సిందే. ఆ నీళ్లే పోసి, చచ్చినవి చావంగా మిగిలిన చెట్ల గింజలు దాచి, మళ్లా నాటి, మళ్లా అవే నీళ్లు. అట్ల మూడో కాపు దాకా వచ్చినాడు. చిక్కు ఒకటే. చెట్టు ఉప్పునీళ్లు తాగుతాది గానీ, గింజ మటుకు తియ్యనీళ్లలో తప్ప మొలవదు. "పుట్టేటప్పుడే గారాబం పోతాందిరా ఇది" అని సార్ నవ్వేవాడు. గింజ కూడా ఉప్పునీళ్లలో మొలిచిందా, ఖలాస్, గెలిచినట్టే.

ఇది ఆయన ఒక్కడి పిచ్చి కాదు అయ్యా. మా నాయన చేన్లో బోరు ఏయించినాడు. నీళ్లు పడినాయి. టెంకాయ కొట్టి, బెల్లం పంచి, అందరూ దోసిట్లో పట్టుకొని తాగి, అందరూ ఒకేసారి ఉమ్మినారు. అందుకే నేను ఈడ ఉండా. అందుకే నాకు ఇరవైరెండేండ్లు వచ్చినాయి. ఈ సంగతి చీటీ మీద రాసి పెట్టినా. పక్కదినం చూస్తే ఒక వరస చెట్లకు "వెంకటరాముడి నాయన వరస" అని పలక కట్టి ఉండాది. తమకు పంపే రిపోర్టులో అది "బి వరస" అని ఉంటాది.

3. ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగబడింది. తమరు రేడియోలో విని ఉంటారు. మాకు రేడియో లేదు, నేరుగా సైన్యమే వచ్చింది. కఫీల్ పెండ్లాం బిడ్డల్ని కారులో ఏసుకొని సౌదీకి పారిపోతా, మా పాస్‌పోర్టులు కారు కిటికీలోంచి ఇసిరేసి, "యల్లా, పదండి, అల్లా ఉన్నాడు" అని పాయె. ఆ సాయంత్రానికే ఏడెనిమిది మంది సిపాయిలు తోటలో మకాం పెట్టినారు. ఆకలి మీద ఉండారు. గ్రీన్‌హౌస్ తలుపు తీసి చూస్తే టమాటాలు ఎర్రగా పండి ఉండాయి. గింజకోసం దాచిన కాయలు, ఒక్కోదానికి దారంతో చీటీ కట్టినవి. చీటీలు పీకి కింద పారేసి తింటాండారు.

సార్ పరిగెత్తుకుంటా వచ్చి అడ్డం నిలబడినాడు. "ఇది మూడో తరం! థర్డ్ జనరేషన్! మత్ ఖావో!" అని మూడు బాసల్లో కేకలు. ఒక మీసాల సిపాయి తుపాకీ ఎత్తి సార్ ఎదకు ఆనించినాడు. సార్ అప్పుడు కూడా వాని చేతిలో కాయనే చూస్తాండాడు గానీ తుపాకీని చూడల్యా.

అయ్యా, పరాయోళ్ల ముందర నేను నోరు తెరిచింది అప్పుడే. తెరిస్తే వచ్చిన అరబీ మాట ఒకటే. "మజ్నూన్! మజ్నూన్!" అని అరిచినా. పిచ్చోడు, పిచ్చోడు అని. అది చాలదని తలకాయ పక్కన ఏలు తిప్పి కూడా చూపిచ్చినా. సిపాయిలు ఒకరి మొగం ఒకరు చూసుకొని నవ్వినారు. తుపాకీ దిగింది.

ఆ దినం నుంచి తోటలో సార్ పేరు మజ్నూన్. పొద్దున లేస్తే "సబాహల్ ఖైర్, మజ్నూన్" అని మర్యాదగా పలకరిస్తారు. ఎమ్మెస్సీలో గోల్డుమెడలు ఆయన. కోపంతో నాకు చీటీలు మానేసినాడు. తర్వాత ఒకటి పెట్టినాడు: "ప్రాణం కాపాడావు. కానీ వేరే పదం దొరకలేదా?"

నేను పెట్టినా: "దొరకల్యా సార్."

4. మే నెలలో తమరు థర్మామీటరు రశీదు అడిగినారు. మట్టిలో గుచ్చే సదరు థర్మామీటరును ఒక సిపాయి చంకలో పెట్టుకొని జ్వరం చూసుకున్నాడు. జ్వరం లేదు. ఇప్పుడు థర్మామీటరు కూడా లేదు. రశీదు టీ పొయ్యిలో పాయె.

5. సార్ రాసుకున్న పుస్తకాలు కూడా అదే పొయ్యిలో పాయె. కరెంటు పోయి గ్రీన్‌హౌస్ కూలర్ ఆగిపాయె. ఈ ఎండలకు ఉన్న చెట్లన్నీ చూస్తాండంగానే వాడి పరకైపాయె. సార్ ఆ ఎండిన వరసల మధ్యలో కూచొని ఉత్త మట్టికే నీళ్లు పోస్తాండె. నేను బువ్వ తెచ్చిపెడితే తినల్యా. మిగిలింది ఒకటే, తమరు ఇచ్చిన నిబంధనల కాగితం. దానికి సార్ ప్లాస్టిక్ తొడిగించి ఉండాడు కాబట్టి సిపాయిలు పొయ్యిలో పెడితే కంపు కొట్టింది, బయటికి ఇసిరేసినారు. అది తెచ్చుకొని తలకాడ పెట్టుకున్నాడు.

నా ప్రాణానికి ఆ కాగితమే కాలితే పోయుండు. ఎందుకనగా:

6. సంజీవమ్మక్క మా పక్కూరు మనిషి. అబూ హలీఫా అనే ఊర్లో ఒక ఇంట్లో పని చేస్తాది. ఆ ఇంటి యజమానురాలు, వీళ్లు మామా అని పిలిచే ఆమె, తాళంచెవులు ఈమె చేతికిచ్చి దేశం దాటిపాయె. ఇప్పుడు మనోళ్లంతా ఆ వీధిలోనే చేరినారు. నూర్ మహమ్మద్ అని రాయచోటి ఆయన నీళ్ల ట్యాంకరు తోల్తాడు. సిపాయిలకు నీళ్లు కావాలి కాబట్టి ఆయన్ను యాడా ఆపరు. ఆ ట్యాంకరులో సంజీవమ్మక్క మా తోటకు వచ్చింది.

"సారూ, గురువారం బస్సు" అనె. "బస్రా, బాగ్దాదు, ఆడినుంచి జోర్డాను. ఆడ మన విమానాలు వస్తాండాయంట. మీ ఇద్దరి పేర్లు రాయించినా. మూట కట్టుకోండి."

"నేను రాలేను అక్కా. కార్యదర్శి గారి అనుమతి లేదు."

"ఎవురా యప్ప?"

"హైదరాబాదులో ఉంటారు."

"ఆ యప్పకు ఈడ తుపాకులు కనపడతాండాయా?"

సార్ ప్లాస్టిక్ కాగితం తీసి తొమ్మిదో నిబంధన చదివి వినిపిచ్చినాడు. తమరు రాసిందే, అయినా ఒకసారి వినండి: "పరిశోధకుడు కార్యదర్శి వ్రాతపూర్వక అనుమతి లేనిదే తన పరిశోధనను విడిచి ఎక్కడికీ వెళ్లరాదు. వెళ్లినచో ఫెలోషిప్ రద్దు."

నూర్ మహమ్మద్ ట్యాంకరు మీదనుంచి అనె, "మునాఫ్ భాయ్, నువ్వు చచ్చిపోవాల్నన్నా ఆ సాబ్‌కు రాసి అడగాల్నా?"

"టమాటాలు పాయె, పుస్తకాలు పాయె" అనె సంజీవమ్మక్క. "ఉత్త ఇసక మిగిలింది. దానికి కాపలానా నాయనా నువ్వు?"

సార్‌కు కోపం వస్తాదేమో అనుకున్యా. రాల్యా. మెల్లిగా చెప్పినాడు. "అక్కా, మా కాలేజీ నుంచి ఈ ఫెలోషిప్ వచ్చింది నా ఒక్కడికే. 'ఆ ఊరోళ్లా, వాళ్లకు ఇస్తే చెప్పాపెట్టకుండా పారిపోతారు' అని ఒక్కసారి ఫైలులో పడిందంటే, నా ఎనక వచ్చే ఏ కుర్రోనికీ ఇవ్వరు."

సంజీవమ్మక్క ట్యాంకరు ఎక్కింది. పోతా పోతా నాతో, "నువ్వన్నా చెప్పరా అబ్బోడా, నోట్లో ఏముండాది, రాయా?" అనె.

ఉత్తరాలు పోవు, ఫోన్లు పోవు. తమ అనుమతి యాడినుంచి వస్తాది? అయ్యా, ఈ తొమ్మిదో నిబంధన రాసిన దినం తమరు బువ్వ తిన్నారో లేదో నాకు తెల్దు. కోపంతో అంటాండా, క్షమించండి. కొట్టేసేకి పెన్నుతో అయితాది, కాగితం ఇంకోటి లేదని కొట్టేయల్యా.

7. ఇప్పుడు చెప్పేది అర్జీలో రాయకూడదు. గానీ పరిశోధన కాబట్టి రాయక తప్పదు.

తోట ఎనకపక్క ఉప్పునీళ్ల ట్యాంకు ఉండాది. దాని కొళాయి ఎప్పుడూ కారతానే ఉంటాది. నీడ ఉంటాది, నీళ్లు ఉంటాయి కాబట్టి సిపాయిలు పొద్దున పూట చెంబు పని ఆడనే కానిస్తారు. ఒక గుంత కూడా తవ్వుకున్నారు. సదరు స్థలానికి నేను పోయేవాణ్ని కాదు. నీళ్లు ఉత్తపుణ్యానికి పోతాండాయని ఆ దినం కొళాయి కట్టేసేకి పోయినా. ముక్కు మూసుకొని చూస్తే, గుంత గట్టున పచ్చగా ఏందో ఉండాది. ఒకటి కాదు, గుంపుగా. ఆకు నలిపి వాసన చూసే ధైర్యం రాల్యా, కానీ ఆకు అదే.

పరిగెత్తి వచ్చి క్లిప్పుకు చీటీ పెట్టినా: "సార్ ట్యాంకు ఎనక టమాటా మొలిచింది. చెప్పులు తొడుక్కొని రండి."

సార్ చెప్పులు తొడుక్కోకుండానే వచ్చినాడు. గుంత గట్టున మోకాళ్ల మీద కూలబడి చూస్తాండాడు. "ఉప్పునీళ్లలోనే మొలిచిందిరా. ఒక్క చుక్క తియ్యనీళ్లు లేకుండా." అప్పుడే మీసాల సిపాయి మగ్గు పట్టుకొని నిద్రమొగంతో వస్తాండాడు. సార్ చెయ్యి అడ్డం పెట్టి, "నో! స్టాప్! రిసెర్చ్!" అనె. వాడు నిలబడినాడు, సార్‌ను చూసినాడు, గుంతను చూసినాడు, ఎనక్కి తిరిగి పోయినాడు. ఇరాక్ సైన్యాన్ని కువైట్‌లో వెనక్కి పంపినోడు అప్పటికి మా సార్ ఒక్కడే.

సంగతి ఏమంటే, గింజ మీద ఉండే జిగురు కడుపులో నానితే పోతాదంట. జిగురు పోయినందుకు మొలిచిందా, మూడో తరం గింజలో బలం వచ్చి మొలిచిందా అనేది తేల్చాల్నంట. "ఇది రుజువు కాదురా, సూచన" అని సార్ నాకు నాలుగుసార్లు చెప్పినాడు. ఆయనే నాలుగుసార్లు నవ్వినాడు. ఆ దినం బువ్వ తిన్నాడు. నేను మటుకు తినలేకపోయినా.

సిపాయిల్లో వంట చేసే అబ్బోడు జబ్బార్. వానికీ నా ఈడే ఉంటాది. వాళ్లది బస్రా పక్క పల్లె, టమాటా రైతులు. వాడు వచ్చి చూసి పడీపడీ నవ్వి, "మజ్నూన్, ఇది మా పంట కదా, మా భాగం ఏది?" అని అడిగినాడు. తర్వాత నవ్వు ఆపి, నన్ను పక్కకు పిలిచి, నాకు తెలిసేట్టు చిన్న చిన్న మాటల్తో, చేతుల సైగల్తో చెప్పినాడు. యుద్ధం పెద్దది కాబోతాదంట. శుక్రవారం బుల్డోజరు వస్తాది, తోటంతా కందకం తవ్వుతారు, ట్యాంకు కూడా పడగొడతారు. వీళ్లు పోయి వేరే సిపాయిలు వస్తారు. "మజ్నూన్ అని చెప్పినా వాళ్లు వదలరు" అన్నట్టు తుపాకీ ఆనించే మాదిరి చూపిచ్చినాడు. పోయి ఒక పెద్ద పాలపొడి డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినాడు.

డబ్బాకు కింద బొక్కలు పొడిచి, అదే మట్టి నింపి, నేనూ సార్ మొక్కలు అందులోకి మార్చినాం. అన్నీ బతికినాయి.

సంతోషంగా ఒప్పుకుంటాడు అనుకున్యా. చీటీ పెట్టినా: "బస్సుకు పోదాం సార్."

జవాబు: "ఇప్పుడెలా వస్తానురా? ఇప్పుడు పరిశోధన ఉంది కదా!"

ఉత్త ఇసక ఉన్నప్పుడు ఇసకకోసం రానోడు, మొక్కలు వచ్చినాక మొక్కలకోసం రాడంట. శుక్రవారం బుల్డోజరు సంగతి చీటీలో పెడితే, "కార్యదర్శి గారు పరిస్థితి గమనించి ఉంటారు, అనుమతి దారిలో ఉంటుంది" అంటాడు. అయ్యా, దారిలో ఉండాదా? నిజం చెప్పండి.

పిండి ప్యాకెట్టు చించి, దాని ఎనకపక్క తమకు పంపే సంవత్సరం రిపోర్టు కూడా మొదలుపెట్టినాడు. తమ ఫారం ఆయనకు నోటికి వచ్చు. విత్తనం, రాసినాడు. నీళ్లు, రాసినాడు. ఎరువు, సరఫరాదారు అనే కాడ పెన్ను ఆగిపోయింది. ఆడనే ఉండాడు.

8. కావున తమకు చేసుకొనే మనవి ఏమనగా:

తొమ్మిదో నిబంధన కింద సార్‌కు ఈ గురువారం నాటికి అనుమతి ఇప్పించవలెను. గురువారం దాటిపోయి ఉంటే, ఎనకటి తేదీ వేసి ఇప్పించవలెను. తాలూకాఫీసులో ఎన్నోసార్లు వేసినారు, నేను టీ ఇస్తా చూసినా.

పరిశోధన చేసే చోటు కబ్ద్ నుంచి గుండ్లపల్లెకు మార్పించవలెను. ఆడ మా నాయన బోరు ఉండాది. దాని నీళ్లు ఇంతవరకు ఎవరూ తాగల్యా, నిండుగా ఉండాయి.

రాయచోటి కాలేజీని ఫైలులో చెడ్డగా రాయొద్దు. మజ్నూన్ అనే పేరు అస్సలు రాయొద్దు. అది నేను పెట్టింది.

ఈ అర్జీ సంజీవమ్మక్క చేతికి ఇస్తాండా. ఆమె బొంబాయిలో దిగి పోస్టులో వేస్తాది. తమరు దీన్ని తీరిగ్గా కాకుండా, తొందరగా చిత్తగించవలెను.

తమరిని ఎన్నడూ చూడకపోయినా తమ విధేయుడు,
వెంకటరాముడు
(వేలిముద్ర కాదు, సంతకమే)

తా.క. అయ్యా, సంజీవమ్మక్క దగ్గర కాగితం మళ్లా అడిగి తీసుకొని రాస్తాండా. ఇది బస్సు. బస్రా దారి. అక్షరాలు ఎగిరితే అది రోడ్డు తప్పు.

పొద్దున మమ్మల్ని బస్సు కాడికి చేర్చేకి ట్యాంకరు వచ్చింది, సంజీవమ్మక్క అందులోనే ఉండాది. సార్ నన్ను సాగనంపేకి వచ్చి, ఖర్జూరాల పొట్లం చేతిలో పెట్టి, "అమ్మానాన్నల్ని అడిగానని చెప్పురా" అనె. చెప్పాల్సిందంతా నా గొంతులో కూచొని ఉండాది. ఒక్కటీ లేయల్యా. ఆయన్ను ఆడ వదిలిపెట్టి, బుల్డోజరుకు ఒప్పజెప్పి, నేను ఖర్జూరాలు తింటా పోవాల్నా?

ఖర్జూరాల పొట్లం ఆయనకే ఇచ్చేసి, నీడలో ఉన్న పాలపొడి డబ్బా ఎత్తుకొని ట్యాంకరు ఎక్కినా. ఒళ్లో పెట్టుకొని తలుపు బిగించుకున్యా.

"ఒరేయ్! డబ్బా దించరా! అది నా పరిశోధన!"

రాత్రే రాసి పెట్టుకున్న చీటీ అద్దానికి ఆనించినా: "పరిశోధన పోతాండాది సార్. విడిచి ఉండకూడదు. తొమ్మిదో నిబంధన చూసుకోండి."

సార్ ఆ చీటీని రెండుసార్లు చదివినాడు. సంజీవమ్మక్క తొడ కొట్టి నవ్వి, "యల్లా నూర్ మహమ్మదూ, పోనీ!" అనె. ట్యాంకరు కదిలింది. సార్ ఎనకంబడి పరుగు. ఒక కాలికే చెప్పు, చంకలో ప్లాస్టిక్ కాగితం, చేతిలో పిండి ప్యాకెట్టు. సిపాయిలు వరసగా నిలబడి చప్పట్లు. జబ్బార్ గొంతు అన్నిటికన్నా పైన: "యల్లా మజ్నూన్! యల్లా!" గేటు కాడ నూర్ మహమ్మద్ బ్రేకు వేసినాడు. సార్ ఎక్కి, ఊపిరి తీసుకొని, నన్ను తిట్టిన తిట్లు అర్జీలో పట్టవు.

కాబట్టి తమరు గమనించవలెను. సార్ పరిశోధనను విడిచి యాడికీ పోల్యా. పరిశోధనే బస్సు ఎక్కింది, ఆయన దాని ఎంట ఎక్కినాడు. నిబంధన చెక్కుచెదరల్యా. అయినా అనుమతి పంపండి, ఆయనకు నిద్ర పడతాది.

మొక్కలకు దిగుల్లేదు. బావి నీళ్లు రెండు క్యానులు తెచ్చుకున్నాం. బస్సులో అందరికీ నాలుక పిడచగట్టి ఉండాది, అయినా ఆ నీళ్ల జోలికి ఎవురూ రారు.

సార్ ఇప్పుడు నా పక్కనే, డబ్బా ఒళ్లో పెట్టుకొని రిపోర్టు నింపుతాండాడు. ఎరువు: "స్థానికంగా లభించినది" అని రాసినాడు. సరఫరాదారు అనే కాడ మళ్లా ఆగి, నా మొగం చూసినాడు. నేను చీటీ రాసి ఇచ్చినా. తలకాయ కొట్టుకున్నాడు, కిటికీ పక్క తిరిగి చానాసేపు నవ్వినాడు, ఆఖరికి అట్లనే రాసుకున్నాడు.

సరఫరాదారు: ఇరాక్ సైన్యం.

రశీదు మటుకు అడగాకండి అయ్యా.